లేదని చెప్పిన జ్వరం

కళ్ల వెనక నొప్పితో మొదలైంది. శనివారం పొద్దున్న మా లైనులో డ్రమ్ములు చూసుకుంటూ పదిహేడో క్వార్టరు దగ్గరికి వచ్చాను. నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూద్దామని వంగితే తల ఎత్తలేకపోయాను. ఎండ దెబ్బ అనుకున్నాను. మిగిలిన ఏడు క్వార్టర్లూ చూసి, నోటుబుక్కులో టిక్కులు పెట్టి, ఇంటికొచ్చి పడుకున్నాను. మధ్యాహ్నానికి వణుకు వచ్చింది.

డ్రమ్ముల సంగతి ముందు చెప్పాలి.

మాది ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్. బెంగాల్లో తెలుగువాళ్లు ఎక్కువుండే రైల్వే కాలనీ. మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి వర్క్‌షాపులో పనికి వచ్చాడు. నేను స్టోర్స్ ఆఫీసులో హెడ్ క్లర్కుని. ఆ వేసవిలో సరిహద్దులో యుద్ధం మొదలైంది. మాకు దగ్గరలోనే ఎయిర్ బేస్ ఉంది కాబట్టి సైరన్లు, బ్లాక్‌అవుట్లు మాకు టీవీ వార్తలు కావు. రైల్వేలో లీవులన్నీ రద్దు చేశారు. ఎప్పుడో పదేళ్ల కింద సివిల్ డిఫెన్స్ ట్రైనింగ్ తీసుకున్నానని, మా లైనులోని ఇరవై నాలుగు క్వార్టర్లకి నన్ను వార్డెన్‌గా వేశారు.

ప్రతి క్వార్టరు ముందూ ఒక డ్రమ్ము నీళ్లు, రెండు బకెట్ల ఇసుక ఉండాలి. మంటలు లేస్తే ఆర్పడానికి. ఆ నీళ్లకి మూత పెట్టాలని, వారానికోసారి మార్చాలని కూడా కాగితంలో ఉంది. నేనే అందరినీ పిలిచి చదివి వినిపించాను. కానీ తనిఖీకి వెళ్లినప్పుడు నీళ్లు ఎప్పుడు మార్చారో నాకు కనిపించదు. ఎంత ఉన్నాయో కనిపిస్తుంది. అందుకని ఇంట్లో మిగిలిన ఎర్ర పెయింటు తీసుకుని ప్రతి డ్రమ్ము లోపలా ఒక గీత గీశాను. నీళ్లు గీత దగ్గర ఉంటే టిక్కు, కింద ఉంటే ఇంటు మార్కు. ముప్ఫై ఏళ్లుగా స్టోర్సులో సరుకుని చూసిన పద్ధతే అది. ఉండాల్సినంత ఉంటే సరే.

మాకు కుళాయి పొద్దున్న గంట, సాయంత్రం గంట వస్తుంది. నిండు డ్రమ్ము ఒలకబోసి మళ్లీ నింపే ఓపిక ఎవరికీ లేదు. తగ్గినంత పైనుంచి పోసేవారు. రోజూ చెంబుడో బకెట్టుడో. నీళ్లు గీత దగ్గరే ఉండేవి. మూతల్ని పిల్లలు ఆటకి తీసుకుపోయారు. నేను టిక్కులు పెట్టాను.

పక్క క్వార్టరు సింహాచలం ఫిట్టరు. నేను వంగి చూస్తుంటే ఒకరోజు గుమ్మంలో పళ్లు తోముకుంటూ అన్నాడు, "డ్రమ్ముకి కూడా డ్యూటీ ఏసేసినారు రావుగోరూ. మనకీ లీవు లేదు, దానికీ లేదు." నేను నవ్వలేదు. అతని డ్రమ్ముకి ఇంటు పెట్టి ముందుకు వెళ్లాను.

నా జ్వరం రెండో రోజుకి నూట మూడు దాటింది. ఒళ్లంతా నొప్పులు, ముఖ్యంగా నడుము. కిటికీలకి బ్లాక్‌అవుట్ కోసం నల్ల కాగితాలు అంటించి ఉన్నాయి. పగలు కూడా గది సాయంత్రంలా ఉండేది. నా భార్య సత్యవతి తడిగుడ్డలు మారుస్తూ మంచం పక్కనే కూర్చుంది.

ఆ రోజే ఝర్నా దీదీ వచ్చింది. మున్సిపాలిటీ తరపున ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసుకుని, నిలవ నీళ్లలో దోమ పురుగులు వెతికే మనిషి. భుజాన సంచి, చేతిలో టార్చి, అట్ట వేసిన పొడుగాటి పుస్తకం. యుద్ధంలో ఎవరికి పట్టింది అన్నట్టు అందరం ఆమెని గుమ్మంలోనే పంపించేసేవాళ్లం. తెలుగు ఇళ్లకోసం ఆమె రెండు ముక్కలు నేర్చుకుంది. ప్రతి తలుపు దగ్గరా అవే అడిగేది, "జొరం ఉందా?"

ఆ గొంతు పక్క క్వార్టరు దగ్గర వినిపించగానే నేను లేచాను. లుంగీ తీసి ప్యాంటు వేసుకున్నాను, ముఖం కడుక్కున్నాను, గడప దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డాను. లేదు దీదీ, మా ఇంట్లో ఎవరికీ లేదు అన్నాను. ఆమె నా ముఖంలోకి కాస్త ఎక్కువసేపు చూసి, పుస్తకంలో సున్నా పెట్టి వెళ్లింది. వార్డెన్ దాదా, అంటే వార్డెన్ అన్నయ్యని కదా అని డ్రమ్ములో టార్చి కూడా వేయలేదు.

ఎందుకు చెప్పానంటే, లీవులు రద్దయి ఉన్నాయి. ఆ రోజుల్లో జబ్బని సిక్‌లో ఉండడం అంటే తప్పించుకోవడం అనే మాట ఆఫీసులో నడుస్తోంది, ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. రెండోది, వార్డెన్ ఇంట్లోనే జ్వరం అని రాస్తే లైనులో నా మాట ఎవరు వింటారు అనుకున్నాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు.

నేను మళ్లీ మంచం మీద పడ్డాక సత్యవతి అంది, "ఏటండి, అబద్ధం ఆడ్డానికి ప్యాంటు ఏసుకుని మరీ ఎల్లినారు. లుంగీతో సెప్పినా ఆవిడ నమ్మీది."

మూడో రోజు గోల్ బజార్‌లో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన ఎన్‌ఎస్‌వన్, సీబీసీ అని రెండు రక్తపరీక్షలు రాశాడు. ల్యాబులో పేరు రాశాక అడ్రస్ అడిగారు. డెంగీ పాజిటివ్ వస్తే అడ్రస్ మున్సిపాలిటీకి పంపాలట. నేను ప్రేమ్ బజార్‌లో మా తోడల్లుడు అద్దెకుంటున్న ఇంటి అడ్రస్ చెప్పాను. ముందుగా అనుకున్నది కాదు. అడగగానే నోట్లోంచి అదే వచ్చింది.

ఎన్‌ఎస్‌వన్ పాజిటివ్. ప్లేట్‌లెట్స్ లక్షా పది వేలు. డాక్టరు పారాసిటమాల్ తప్ప ఏదీ వేసుకోవద్దన్నాడు, నొప్పుల మాత్రలు అసలు ముట్టుకోవద్దన్నాడు. ఓఆర్‌ఎస్, కొబ్బరినీళ్లు, రోజూ సీబీసీ. వచ్చేటప్పుడు ఒక మాట చెప్పాడు, "జ్వరం ఉన్న రోజులు కాదండీ, జ్వరం దిగిన తర్వాత రెండు రోజులు చూసుకోండి. కడుపు నొప్పి వచ్చినా, వాంతులైనా వెంటనే వచ్చేయండి."

నాకు అలాంటివేమీ రాలేదు. ఆరో రోజు జ్వరం దిగింది, ఒంటిమీద ఎర్రగా దద్దురు లేచింది, ప్లేట్‌లెట్స్ తొంభై వేల దాకా పడి మళ్లీ పెరిగాయి. ఆ వారం రోజులూ ఆఫీసుకి మా అత్తగారి తరపు పెద్దకర్మ అని చెప్పించాను. అదీ అబద్ధమే. దోమతెరలో పడుకుని సైరన్లు వింటూ, చదువుకుందామని తెచ్చుకున్న పుస్తకం తెరవకుండా, బయట మాటలు వింటూ గడిపాను. ఝర్నా దీదీ మళ్లీ వచ్చి అడగడం, సత్యవతి గుమ్మంలోకి వెళ్లడం విన్నాను, ఆమె తల అడ్డంగా ఊపడం దోమతెరలోంచి చూశాను. ఆమెకి అబద్ధం చెప్పడం రాదు. నా కోసం తల మాత్రం ఊపింది.

నేను కాళ్లు వణుకుతుండగానే డ్యూటీలో చేరాను. శనివారం డ్రమ్ములు చూడడానికి బయల్దేరితే లైను మునుపటిలా లేదు. నాలుగైదు ఇళ్లలో మనుషులు పగలు కూడా పడుకుని ఉన్నారు. అడిగితే ఎండ అన్నారు, గ్యాస్ అన్నారు. సింహాచలం భార్య అరుగు మీద దుప్పటి కప్పుకుని ఉంది. జ్వరమా అని అడిగాను.

"మీ ఇంట్లో లేనిది మా ఇంట్లో ఉంటాదేటి రావుగోరూ?" అన్నాడు సింహాచలం. అతను నవ్వుతూనే అన్నాడు. నేను ప్యాంటు వేసుకుని గుమ్మంలో నిలబడడం పక్కింటివాడు చూడకుండా ఎలా ఉంటాడు? వార్డెన్ లేదన్నాడు కాబట్టి లైను అంతా లేదంది.

ఆ వారంలోనే ఝర్నా దీదీ మా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగింది. సత్యవతి గ్లాసుతో పాటు రెండు బిస్కెట్లు పెట్టింది. ఎండకి ఆమె ముఖం కమిలిపోయింది. ప్రేమ్ బజార్‌లో ఒక పాజిటివ్ కేసు వచ్చిందని, టీమంతా రెండు రోజులు అక్కడే ఉన్నామని, స్టూడెంట్లు అద్దెకుండే ప్రతి ఇంటి ట్యాంకూ ఎక్కి చూశామని, ఒక్క పురుగు కూడా దొరకలేదని చెప్పింది. కేసు ఉంది, దోమ లేదు, ఇదెలా అని ఆమె నన్నే అడిగింది. పుస్తకాలు చదివేవాణ్ణని నామీద ఆమెకి గౌరవం.

"ఏమో, నాకేం తెలుసు" అన్నాను. సత్యవతి ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నేను డ్యూటీలో చేరిన తొమ్మిదో రోజు సత్యవతికి జ్వరం వచ్చింది.

మర్నాడు పొద్దున్న ఝర్నా దీదీ గొంతు వినిపించింది. నేను గుమ్మంలోకి వెళ్లాను. ఈసారి ఏం చెప్పాలని వెళ్లానో ఇప్పటికీ నాకు నిజంగా తెలియదు. ఆమె అడగడం పూర్తి కాకముందే లోపలి మంచం మీంచి మాట వచ్చింది.

"ఉంది దీదీ. నాకుంది. ఆయనకీ వొచ్చి తగ్గింది. రాసుకోండి."

ఝర్నా దీదీ పుస్తకం అరుగు మీద పెట్టింది. చెప్పులు విప్పి లోపలికి వచ్చి, సత్యవతి నుదురు చూసి, బయటికి వెళ్లి మా డ్రమ్ములో టార్చి వేసింది. నన్ను పిలిచి చూపించింది. ఎర్ర గీత దగ్గర, నీటి పైభాగాన, సన్నటి పురుగులు తల కిందికి పెట్టి వేలాడుతున్నాయి. టార్చి వెలుగు పడగానే అన్నీ కిందికి దిగిపోయాయి. ఆమె డ్రమ్ము అంచు పట్టుకుని వంచబోయింది. నేను ఆపాను. అలర్ట్ ఇంకా ఎత్తేయలేదు, నీళ్లు లేకుండా ఉండకూడదు అన్నాను. నోటికి అలవాటైన మాట అది.

"ఒలకబొయ్యనియ్యండి," అంది సత్యవతి లోపలినుంచి. "అగ్గి ఇంట్లోనే ఉంది."

అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాను. పాజిటివ్. ఓపీలో డాక్టరమ్మ ఇంతకుముందు ఎప్పుడైనా వచ్చిందా అని అడిగింది. కొన్నేళ్ల కింద వానాకాలంలో వారం రోజులు జ్వరం పడింది, అప్పుడు ప్లేట్‌లెట్స్ తగ్గాయన్నారు అని సత్యవతే చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపి, రెండోసారి వస్తే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలంది. రోజూ సీబీసీ చేయించండి, ఒక్క రోజు కూడా మానొద్దు అంది. నాకు చెప్పిన హెచ్చరికలే మళ్లీ చెప్పింది. నేను తల ఊపాను. అవన్నీ నాకు తెలుసు అనుకున్నాను. నేను దాటి వచ్చినవాణ్ణి కదా.

మూడు రోజులు రిపోర్టులు పర్వాలేదన్నారు. అయిదో రోజు పొద్దున్న చేయి పెట్టి చూస్తే ఒళ్లు చల్లగా ఉంది. సత్యవతి లేచి కూర్చుంది. తల దువ్వుకుంటానని దువ్వెన అడిగింది. కాస్త కడుపులో పట్టేసినట్టుందని అంది, పడుకుని పడుకుని అలా ఉంటుందిలే అని తనే అంది. ఆ రోజు ఆఫీసులో స్టాకు వెరిఫికేషన్ ఉంది. ఇవాళ ఒక్కరోజు రక్తం ఇవ్వకపోతే ఏమవుతుంది, తగ్గిపోయింది కదా అని నేనే అన్నాను. సింహాచలం భార్యని కాస్త చూస్తూ ఉండమని చెప్పి వెళ్లాను.

సాయంత్రం వచ్చేసరికి పడుకుని ఉంది. మధ్యాహ్నం రెండు వాంతులయ్యాయని సింహాచలం భార్య చెప్పింది. దీపం వేయబోతుండగా సైరన్ మోగింది. లైను మొత్తం చీకటైంది. నేను వార్డెన్ని, నా ఇంట్లో దీపం వెలగకూడదు. కిటికీలకి నల్ల కాగితాలు ఉన్నా వేయలేదు. చీకట్లో ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. చేయి చల్లగా, తడిగా ఉంది. జ్వరం పూర్తిగా పోయింది అనుకున్నాను. ఆమె ఒకవైపు నుంచి ఇంకోవైపుకి దొర్లుతోంది. ఉక్కగా ఉందండి, తలుపు తియ్యండి అంది. బ్లాక్‌అవుట్‌లో తలుపు తీయకూడదని నియమం ఏమీ లేదు. నేను తీయలేదు. కాసేపట్లో అయిపోతుంది, ఓర్చుకో అన్నాను.

నలభై నిమిషాల తర్వాత ఇక ప్రమాదం లేదని సైరన్ మళ్లీ మోగింది. లైటు వేస్తే ఆమె పెదవులు తెల్లగా ఉన్నాయి. చేతుల మీద సన్నటి ఎర్ర చుక్కలున్నాయి. ఆమె నన్ను చూసింది గాని పేరు పెట్టి పిలిస్తే పలకలేదు.

సింహాచలం ఆటో తెచ్చాడు. హెడ్‌లైటుకి సగం నల్ల రంగు వేసి ఉంది, రోడ్డు సరిగా కనబడక డ్రైవరు మెల్లగా పోనిచ్చాడు. ఎమర్జెన్సీలో బీపీ అందడం లేదన్నారు. డెంగీ షాక్ అన్నారు. పీసీవీ పెరిగిపోయింది, అంటే రక్తం చిక్కబడింది, అందులో నీరు బయటికి కారిపోతోంది అని ఒక చిన్న వయసు డాక్టరు నాకు నిదానంగా చెప్పాడు. జ్వరం ఎప్పుడు దిగింది అని అడిగాడు. పొద్దున్న అన్నాను. ఇవాళ్టి సీబీసీ ఏది అన్నాడు. చేయించలేదు అన్నాను.

"తగ్గింది అనుకున్నారా?" అన్నాడు. అందులో నింద లేదు. "అందరూ అలాగే అనుకుంటారు సార్."

ఐసీయూలో రెండు రోజులు ఉంచారు. సెలైన్, ప్లేట్‌లెట్స్, ఆ తర్వాత వెంటిలేటర్. మిలిటరీ స్పెషళ్లు ముందు వెళ్లాలి కాబట్టి మామూలు బళ్లు ఆలస్యంగా నడుస్తున్నాయి. విజయనగరం నుంచి బయల్దేరిన మా అమ్మాయి లలిత దారిలో ఎక్కడో ఆగిపోయిన రైల్లోంచి ఫోన్ చేస్తూనే ఉంది. అమ్మకి ఫోన్ ఇవ్వు అంది. మాట్లాడలేదమ్మా అన్నాను. మూడో రోజు పొద్దున్న డాక్టరు బయటికి వచ్చి నా భుజం మీద చేయి వేశాడు. లలిత మధ్యాహ్నం చేరింది.

దినవారాలు అవుతుండగానే లైనులో ఇంకా ఇద్దరిని ఆసుపత్రిలో చేర్చారు. ఒకరు సింహాచలం వాళ్లమ్మ. ఝర్నా దీదీ ప్రతి ఇంటికీ వెళ్తూనే ఉంది, ఇంకా సగం మంది లేదనే అంటున్నారు. పన్నెండో రోజు భోజనాలకి లైనంతా మా ఇంటి ముందు షామియానా కింద కూర్చుంది. విస్తళ్లు వేయకముందు నేను లేచి నిలబడ్డాను. నాకు జ్వరం వచ్చిందని, లేదని చెప్పానని, ల్యాబులో దొంగ అడ్రస్ ఇచ్చానని, సత్యవతి చెప్పేదాకా నోరు విప్పలేదని చెప్పాను. మీ ఇళ్లలో ఎవరికి ఎప్పుడు జ్వరం వచ్చిందో దీదీతో చెప్పి అప్పుడు భోజనానికి కూర్చోండి అన్నాను. ఆమె నా వెనకే పుస్తకంతో నిలబడి ఉంది.

ముందుగా సింహాచలం లేచి ఆమె దగ్గరికి వెళ్లాడు. "రాసుకో దీదీ. ముందు మా ఆడదానికి వొచ్చి తగ్గింది. అమ్మకి పది రోజులు. నాకూ నిన్నటినుంచి," అన్నాడు. తర్వాత వరస కట్టారు.

అందరూ వెళ్లాక నా నోటుబుక్కు ఆమెకిచ్చాను. ఆమె పుస్తకం, నా పుస్తకం పక్కపక్కన పెట్టి క్వార్టరు నంబర్లు చూశాం. పదకొండు ఇళ్లలో జ్వరాలు. వాటిలో తొమ్మిది ఇళ్లకి నా పుస్తకంలో ఒక్క ఇంటు కూడా లేదు, వరసగా టిక్కులే. ఇంటు మార్కులు ఎక్కువ పడిన ఇళ్లు బద్ధకంగా డ్రమ్ములు ఎండబెట్టుకున్న ఇళ్లు, వాటిలో చాలావాటికి జ్వరం రాలేదు. నేను మెచ్చుకున్న చోటే దోమ పెరిగింది. ఇది ఆమె నాకు వివరించనక్కర్లేదు. ఆమె వెనక్కి పేజీలు తిప్పి, ప్రేమ్ బజార్ అని ఉన్న చోట కొట్టేసి, పైన నా క్వార్టరు నంబరు రాసింది.

"దుటో దిన్, దాదా," అంది. రెండు రోజులు దాదా. ఆ రెండు రోజులు వాళ్లు ప్రేమ్ బజార్‌లో కాదు, మా లైనులో ఉండాల్సింది. అప్పటికి సత్యవతికి జ్వరం రాలేదు.

మర్నాడు ఇరవై నాలుగు డ్రమ్ములూ ఒలకబోశాం. లోపలి గోడల్ని కొబ్బరిపీచుతో తోమాం. గుడ్లు గోడకి అంటుకుని ఉంటాయని, నీళ్లు పారబోసినంత మాత్రాన పోవని దీదీ చెప్పింది. సింహాచలం జ్వరంతోనే రెండు డ్రమ్ములు తోమాడు, నేను వద్దన్నా వినలేదు. వాళ్లమ్మ బతికింది. ఆ తర్వాత మా లైనులో ఎవరూ పోలేదు.

యుద్ధం ఆగిపోయింది. అలర్ట్ ఎత్తేశారు. కిటికీల నల్ల కాగితాలు లలిత వెళ్లేముందు తడిపి గీకేసింది. నేను ఇంకా డ్యూటీలోనే ఉన్నాను, రిటైర్మెంటుకి ఏడాదిన్నర ఉంది. కీళ్ల నొప్పులు మూడు నెలలు ఉన్నాయి, ఇప్పుడు లేవు. అన్నం నేనే వండుకుంటాను. శనివారాలు డ్యూటీకి ముందు ఝర్నా దీదీతో పాటు లైను తిరుగుతాను. ఆమె టార్చి వేస్తుంది, నేను రాస్తాను. మా డ్రమ్ము బోర్లించి ఉంటుంది. లోపలి ఎర్ర గీత ఎంత తోమినా పూర్తిగా పోలేదు.

ఇది చదివేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. జ్వరం దిగిన తర్వాత ఏం చూసుకోవాలో డాక్టర్లు చెబుతారు, నాకంటే బాగా చెబుతారు. వాళ్లదాకా వెళ్లకముందు ఒకరు మీ గుమ్మం దగ్గరికి వస్తారు. చేతిలో పుస్తకం ఉంటుంది, మీరు ఏదో పనిలో ఉంటారు. ఆమె జ్వరం ఉందా అని అడుగుతుంది. ఉంటే, ఉందని చెప్పండి.